ఎస్తేరు రక్తం ఏం చెప్పింది

గేదెకు ఎస్తేరు అని పేరు పెడితే పాస్టరు గారికి కోపం రాదా మరి? వచ్చింది. బైబిల్లో రాణి గారి పేరు తెచ్చి బురదలో పొర్లే జంతువుకు తగిలిస్తారా అని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలోనే నిలదీశారాయన. పేరు పెట్టిన జాయ్సీ అప్పటికి తొమ్మిదో తరగతి. తల వంచుకునే నిలబడింది గానీ, ఎస్తేరు రాణి కూడా తల్లీ తండ్రీ లేని పిల్లేనని, తమ దూడకూ ఈనిన మర్నాడే తల్లి చచ్చిపోయిందని, అందుకే ఆ పేరు పెట్టానని మెల్లగా చెప్పింది. బైబిలు వాక్యం అంత బాగా తెలిసిన పిల్లను పాస్టరు గారు మాత్రం ఏమని తిడతారు పాపం. మొత్తానికి కొల్లేటి లంకలో ఒక గేదెకు రాణి పేరు నిలిచిపోయింది.

ఈ సంగతి డాక్టరు పెర్సిస్‌కు చెప్పినవాడు జాయ్సీ తండ్రి పాపారావు. చెబుతున్నప్పుడు అతని అరచేతిలో, తడి తువ్వాలు చుట్టిన చిన్న గాజు గొట్టంలో, ఎస్తేరు రక్తం ఉంది.

పెర్సిస్ పశువుల డాక్టరే గానీ, ఊళ్ళ వెంట తిరిగి ఇంజెక్షన్లు చేసే డాక్టరు కాదు. ఏలూరులో బజారు వెనక సందులో, మందుల షాపు పైన రెండు గదుల ల్యాబులో కూర్చుని పశువుల రక్తమూ మూత్రమూ పరీక్ష చేసి జబ్బేమిటో చెప్పేది. ల్యాబు రిటైరైన ప్రసాదరావు డాక్టరు గారిది. అంత చదువూ చదివించి చివరికి గేదెల ఉచ్చ చూసుకుంటూ కూర్చుందని పెర్సిస్ పెద్దమ్మ పెళ్ళిళ్ళలో కనబడ్డ ప్రతివాళ్ళతోనూ అనేది. పెర్సిస్ నవ్వేసేది. మనిషి నొప్పెక్కడో నోటితో చెబుతాడు, అందులో సగం కల్పించి చెబుతాడు; గేదె చెప్పేదంతా ఆ సీసాలోనే చెబుతుంది, దానికి అబద్ధమాడడం రాదు అనేది.

ప్రసాదరావు గారు మాత్రం సీసాను అంతగా నమ్మొద్దనేవారు. రక్తమూ మూత్రమూ ఒకే ఇంట్లోంచి వచ్చిన ఇద్దరు సాక్షుల్లాంటివి, ఇద్దరూ ఒక్కమాట చెబితే నమ్ము, చెరోమాటా చెబితే జబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు సాక్షుల్ని అనుమానించు అని ఆమె చేరిన కొత్తలోనే చెప్పారు. ఆ వారం ఆయన ఊళ్ళో లేరు. కంటి ఆపరేషను చేయించుకుని, తాడేపల్లిగూడెంలో కూతురింట్లో పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్నారు.

ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేసిన మరుసటి ఏడు అది. వానలు తగ్గాక లంకల్లో గేదెలకు పిడుదులు విపరీతంగా పట్టాయి. అవి కుట్టినప్పుడు రక్తంలో ఒక పురుగు చేరి ఎర్రకణాలను విరిచేస్తుంది. గేదె కాఫీ డికాషను లాంటి మూత్రం పోస్తుంది. ఆ నెలలో అలాంటివి వరసగా వచ్చాయి, వచ్చినవాటినల్లా పెర్సిస్ పట్టేసింది, అన్నీ బతికి బట్టకట్టాయి. లంకల్లో ఆమె పేరు మోగిపోతోంది. పేరు మోగడం మంచిదే గానీ, ఆ మోతలో వేరే చప్పుళ్ళు వినబడవు.

పాపారావుకు యాభై దాటాయి. చేపల ప్యాకింగు మేస్త్రి. బొచ్చె, శీలావతి పెట్టెల్లో పేర్చి, దంచిన ఐసు కూరి, కలకత్తా లారీలకెక్కించడం అతని పని. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి తెల్లగా పాలిపోయి ఉండేది. అతని గేదె ఈని పది పదిహేను రోజులైందని, మొదట్లో బిందెడు పాలిచ్చి ఇప్పుడు మేత మానేసిందని, నడిస్తే తూలుతోందని పొద్దున్నే బుచ్చిబాబు ఫోను చేసి చెప్పాడు. బుచ్చిబాబు ఆ చుట్టుపక్కల పశువులకు సూదులు వేసే మనిషి, తలపండినవాడు. రక్తం తనే తీసి, చల్లగా పట్టుకెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టమని పాపారావును పంపించాడు.

"చల్లగా తెమ్మన్నారంటండి. అలాగే తెచ్చానండి. చల్లగా ఉంచడం మా పనేనండి," అన్నాడు పాపారావు.

పెర్సిస్ గొట్టం పట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. తక్కినవాళ్ళు చొక్కా జేబులో వేసుకుని, దారిలో టీ తాగి, బంధువుల్ని పలకరించి, మధ్యాహ్నానికి తెచ్చేవారు. ఇంత శ్రద్ధగా తెచ్చినవాళ్ళు లేరని మెచ్చుకుంది. పాపారావు మొహం కాస్త విచ్చుకుంది. మూత్రం సీసా వేరే గుడ్డసంచిలో ఉంది. అది మామూలుగానే ఉంది, చల్లగా లేదు. ఒకటి చల్లగా ఉండి ఇంకోటి ఎందుకు లేదో ఆమె అడగలేదు.

అప్పుడే చెప్పాడతను జాయ్సీ గురించి. తల్లి లేని దూడకు ఆ పిల్లే సీసాతో పాలు పట్టిందట. ఇంటరుకు ఏలూరు వెళ్ళి చదువుకునేదట. సాయంత్రం బస్సు రోడ్డు మీద ఆగి హారను కొట్టగానే ఎస్తేరు పాకలోంచి తల తిప్పి ఒక్క అరుపు అరిచేదట. కిందటేడు జాయ్సీ పోయింది. గేదెకు ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇప్పటికీ రోజూ బస్సు హారనుకు అరుస్తుందట. ఆ అరుపు వినడం కోసం పాపారావూ, భార్య అచ్చమ్మా ఆ వేళకు ఎక్కడున్నా ఇంటికి చేరుకుంటారట. అచ్చమ్మ ఏడుస్తుందిట గానీ వినకుండా ఉండలేదట.

"పాపని ఈ ఊళ్ళోనే చూపించామండి. జ్వరమండి. పొద్దునా సాయంత్రం వచ్చి రక్తం తీసుకునేవాళ్ళండి. ఏం వచ్చిందండీ అంటే, రిపోర్టు పైకెళ్ళింది అనేవాళ్ళండి. పాప పోయిందండి. ఆ రక్తంలో ఏముందో మాకివ్వాళ్టికీ తెలీదండి. మీరు మాత్రం ఏమున్నా చెప్పండమ్మా. మంచైనా చెడైనా దాచొద్దండి."

పెర్సిస్ గొట్టాన్ని స్టాండులో పెట్టి అతని వైపు తిరిగింది. చెయ్యి చాపమని చెప్పడానికి ఉన్న నోరు, ఆ చేతిలోంచి తీసిన రక్తంలో ఏం తేలిందో చెప్పడానికి ఎందుకుండదో ఆ దేవుడికే తెలియాలి. ఏదీ దాచనని మాటిచ్చింది.

గొట్టాన్ని మిషనులో పెట్టి గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత గడ్డిరంగు నీరు తేలాలి. ఎస్తేరు గొట్టంలో పైకి తేలిన నీరు దానిమ్మ రసంలా ఉంది. అడుగున కణాల మట్టం పలచగా ఉంది. కణాలు విరిగిపోయాయన్నమాట. మైక్రోస్కోపు కింద చూస్తే అన్నీ చిరిగిన పొట్టు ముక్కలే, పురుగు కనబడలేదు. ఇన్ని కణాలు విరిగాక పురుగు మాత్రం ఎక్కడ మిగులుతుంది, కనబడనంత మాత్రాన లేనట్టా అనుకుందామె.

ఆ తర్వాత మూత్రం చూసింది. తేటగా, లేత పసుపుగా ఉంది. పరీక్ష పట్టీ ముంచితే రక్తం గడిలో ఏ మార్పూ లేదు. కీటోన్ల గడి మాత్రం ముదురు వంకాయ రంగుకు తిరిగింది. ఒంట్లో చక్కెర చాలక, పశువు తన కొవ్వును తనే కరిగించుకుంటుంటే ఆ గడి అలా తిరుగుతుంది. కడుపునిండా తినని గేదెకు అంతో ఇంతో రంగు తిరగడం మామూలే అనుకుంది. అంతో ఇంతో తిరగడం వేరు, వంకాయ రంగుకు తిరగడం వేరని ఆమెకు తెలియనిది కాదు.

కణాలు విరిగిన గేదె మూత్రం ఎర్రబడాలి కదా అన్న అనుమానం రాలేదని కాదు. వచ్చింది. ఈగలా వచ్చి వాలితే చేత్తో తోలేసింది. జబ్బు మొదట్లో ఉందేమో, రేపో మాపో ఎర్రబడుతుందిలే అనుకుంది. తాడేపల్లిగూడెం ఫోను చేద్దామని నంబరు సగం నొక్కి, కంటికి కట్టు కట్టుకున్న మనిషిని ఇంతమాత్రానికి విసిగించడమెందుకని మానేసింది. పైకి అలా అనుకుంది గానీ, ఆయన లేనప్పుడు ఒక్కదాన్నే పట్టానని చెప్పుకోవాలని కూడా లోపల ఉంది.

బుచ్చిబాబుకు ఫోను చేసి పిడుదుల జబ్బు మందు వెయ్యమంది. బుచ్చిబాబుకు గేదె తుమ్మినా సరే గ్లూకోజు ఎక్కించందే నిద్రపట్టదు. ఓ నాలుగు సీసాలు గ్లూకోజు కూడా పెట్టేస్తానండీ అన్నాడు.

"వద్దు బుచ్చిబాబు గారూ," అంది పెర్సిస్. "రక్తం బాగా పలచబడిపోయింది. ఇప్పుడు సీసాలెక్కిస్తే గుండె తట్టుకోదు. మందొక్కటే వెయ్యండి."

ఆ తర్వాత పాపారావును కూర్చోబెట్టి కాగితం మీద గుండ్రని కణాలు గీసి, అందులోకి పురుగు ఎలా దూరుతుందో, అవి ఎలా విరుగుతాయో, మందు ఏం చేస్తుందో అన్నీ విడమరిచి చెప్పింది. అతను ప్రసంగం విన్నంత శ్రద్ధగా విన్నాడు. ఆయ్, ఆయ్ అంటూ తలాడించాడు. గొట్టంలో ఎర్ర నీరు చూపించమని అడిగి, దాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు. కిందికి దిగి సందులో నిలబడి అచ్చమ్మకు ఫోను చేసి, డాక్టరమ్మ అంతా చెప్పారే, బొమ్మ గీసి మరీ చెప్పారే అనడం పైన కిటికీలోంచి పెర్సిస్‌కు వినబడింది. ఆ పూట ఆమెకు అన్నం కూడా రుచిగా అనిపించింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రెండు రోజులు గడిచాక, మధ్యాహ్నం దాటుతుండగా బుచ్చిబాబే మోటారుసైకిలు మీద వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ, గేదె పడిపోయిందండీ, లేవట్లేదండీ అని చొక్కా జేబులోంచి గొట్టం తీసి ఇచ్చాడు. రక్తం అతని ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

పెర్సిస్ గొట్టాన్ని మిషనులో పెట్టింది. అది ఆగేదాకా దాని పక్కనే నిలబడింది. తీసి చూస్తే పైన తేలిన నీరు తేటగా ఉంది. కాస్త పచ్చదనం ఎక్కువే గానీ, ఎరుపు మచ్చుకైనా లేదు. అడుగున కణాలు నిండుగా, ఒత్తుగా ఉన్నాయి. రెండు రోజుల కిందట దానిమ్మ రసంలా ఉన్న రక్తం ఇంతలో ఇలా మారడం ఏ మందు వల్లా కాదు. ఈ రక్తం అప్పుడూ ఇలాగే ఉండి ఉండాలి.

మొన్నటి రక్తాన్ని పాపారావు ఎలా తెచ్చాడని ఆమె అడిగింది. బుచ్చిబాబు ఆ కంగారులోనూ నవ్వాడు. ఐసులో పెట్టి తెచ్చాడండీ, మహరాజు, అన్నాడు. థర్మోకోలు పెట్టెలో అడుగునా పైనా దంచిన ఐసు వేసి, మధ్యలో గొట్టం గుచ్చి, దూరం వెళ్ళే సరుకుకు వేసినట్టు ఐసు మీద గుప్పిళ్ళతో ఉప్పు జల్లాడట. ఉప్పు పడితే ఐసు మరింత చల్లబడి అన్నీ రాయిలా బిగుసుకుంటాయి. మూత్రం సీసా కూడా అందులోనే పెట్టబోతే, తినే చేపలుండే పెట్టెలో ఉచ్చ సీసా పెడతావా అని అచ్చమ్మ తిట్టి, గుడ్డసంచిలో వేసి ఇచ్చిందట. ఏలూరు వచ్చేసరికి ఎండకు ఐసు చాలామట్టుకు కరిగిపోయిందట. నీచు కంపు కొట్టే పెట్టెను డాక్టరమ్మ గారి గదిలోకి పట్టుకెళ్ళడం మర్యాద కాదని కింద మెట్ల దగ్గరే వదిలేసి, గొట్టం తుడిచి, అరచేతిలో పట్టుకుని పైకి వచ్చాడట.

పెర్సిస్ మొన్న రాసుకున్న కాగితం తీసి మళ్ళీ చూసింది. గడ్డకట్టిన టమాటా కరిగితే ఎలా చితికి నీరు కారుతుందో, గడ్డకట్టిన రక్తకణమూ అంతే. కణాలు విరిగిందీ, నీరు ఎర్రబడిందీ ఎస్తేరు ఒంట్లో కాదు, పాపారావు పెట్టెలో. చల్లగా ఉంచమంటే రక్తాన్ని ప్రాణంలా చూసుకుని ఐసులో కప్పెట్టాడు. ఐసులో పెట్టని సరుకు కుళ్ళిపోతుందని జీవితమంతా నేర్చుకున్న మనిషి ఇంకెలా తెస్తాడు? మూత్రం సీసా మాత్రం మొదటినుంచీ నిజమే చెప్పింది. తేటగా ఉండి, పురుగు లేదని చెప్పింది. వంకాయ రంగుకు తిరిగి, చక్కెర అయిపోతోందని చెప్పింది. ఈనిన గేదె ఉన్న సత్తువంతా పాలలో పోసేసి, తినలేక, లోపల్లోపల కరిగిపోతోంది. దానికి కావలసింది గ్లూకోజు. బుచ్చిబాబు అలవాటుగా పెడతానన్నదే. ఆమె వద్దంది.

కింద షాపులో ఉన్న గ్లూకోజు సీసాలన్నీ సంచిలో వేసుకుని బుచ్చిబాబు బండెక్కింది. దారి పొడవునా ఇటూ అటూ తెగిపోయిన చెరువుగట్లు, గుర్రపుడెక్క, నీళ్ళలో తలలు తేల్చిన గేదెలు. ప్రతి గేదెనూ చూసి ఇది బాగానే ఉంది కదా అనుకుంది. వాళ్ళకు అంతా చెప్పేయాలి, ఒక్కటీ దాచకూడదు, మాటిచ్చాను అని దారంతా తనలో తనే చెప్పుకుంది.

ఎస్తేరు పాకలో ఒక పక్కకు పడి ఉంది. అచ్చమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో మూతి తుడుస్తోంది. కాస్త దూరంలో కట్టేసిన పెయ్యదూడ తాడు లాగుతూ అరుస్తోంది. పెర్సిస్ వంగేసరికి గేదె ఊపిరిలో మగ్గిపోయిన పండు లాంటి తియ్యటి వాసన కొట్టింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇక్కడికి వచ్చి ఈ పశువు పక్కన నిలబడి ఉంటే, ఏ గొట్టమూ ఏ పట్టీ అక్కర్లేకుండా తెలిసిపోయేది. కనురెప్ప తీసి చూసింది. లోపల పసుపు తిరిగింది. లివరు పాడైపోయింది.

అయినా సీసా ఎక్కించింది. పాక వాసానికి కట్టి, సూది కదలకుండా పాపారావును మెడ పట్టుకోమంది. ఒక సీసా అయ్యాక ఇంకోటి. రెండోది సగమయ్యేసరికి ఎస్తేరు చెవి ఆడించింది. పాపారావు పెర్సిస్ వంక చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశను ఆమె భరించలేక సీసా వైపు తిరిగింది.

అప్పుడు రోడ్డు మీద బస్సు హారను మోగింది.

ఎవరూ కదల్లేదు. అచ్చమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. అందరూ గేదె వైపే చూస్తున్నారు. ఎస్తేరు తల ఎత్తలేదు. కాసేపు చూసి, అచ్చమ్మ దాని చెవి దగ్గర నోరు పెట్టి, కూతురు పిలిచినట్టు గొంతు సన్నం చేసుకుని, ఎస్తేరమ్మా, వచ్చేశాను అని పిలిచింది. గేదె గొంతులో ఏదో కదిలింది. అది అరుపు కాలేదు. ఇంకాసేపటికి, సీసాలో గ్లూకోజు ఇంకా చుక్క చుక్కగా పడుతుండగానే, ఊపిరి ఆగిపోయింది.

సూది పీకి, గొట్టం చుట్టి సంచిలో పెట్టడానికి పెర్సిస్‌కు చాలాసేపు పట్టింది. ఆ తర్వాత పాకలో ఎండుగడ్డి మీదే వాళ్ళ ఎదురుగా కూర్చుంది.

"నేను తప్పు చెప్పానమ్మా," అంది అచ్చమ్మతో. "ఇది పిడుదుల జబ్బు కాదు. ఒంట్లో చక్కెరంతా పాలల్లోకి పోయింది. ఆ రోజే గ్లూకోజు పెడితే బతికేది. మూత్రంలో అది కనబడింది. నేను చూసి కూడా లెక్కచెయ్యలేదు. బుచ్చిబాబు గారు పెడతానంటే వద్దన్నది కూడా నేనే."

బుచ్చిబాబు పాక బయటికి వెళ్ళి నిలబడ్డాడు. అచ్చమ్మ గేదె మూతి మీద ఈగల్ని తోలుతోంది. తిడితే బాగుండునని పెర్సిస్‌కు అనిపించింది. ఆ మనుషులకు తిట్టడం రాదు. పాపారావు మాత్రం తలెత్తి అడిగాడు.

"మరి రక్తం మీద తేలిన నీరు ఎర్రగా ఉంది కదండీ. నాక్కూడా చూపించారు కదండీ. అదెందుకలా వచ్చిందండి?"

అడగవలసిన ప్రశ్న అదే. ఆ ప్రశ్న రెండు రోజుల కిందట ఆమె అడగలేదు, ఇతను అడిగాడు. పెర్సిస్ నోరు తెరిచింది. దారంతా చెప్పుకుంటూ వచ్చిన మాట నాలుక చివర దాకా వచ్చింది.

"ఐసు చాల్లేదాండి?" అన్నాడు పాపారావు. "దార్లో వట్లూరు రైలు గేటు పడిందండి. చాలాసేపు ఎండలో ఉండిపోయామండి. ఇంకో రెండు గుప్పిళ్ళు ఉప్పేద్దామనుకున్నానండి, ఉప్పయిపోయిందండి. ఐసు చాలక పాడైందేమో అని అప్పట్నించీ మనసులో పీకుతానే ఉందండి."

పెర్సిస్ అతని చేతుల వైపు చూసింది. పాలిపోయి పగిలిన వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"పాపకి కూడా ఐసు నేనే వేశానండి," అన్నాడతను ఇంకా మెల్లగా. "మా పెద్దాడు నెల్సన్ బొంబాయి నించి రావాలండి. వాడొచ్చేదాకా ఉంచాలి కదండీ. షెడ్డులో ఐసు తెచ్చి నా చేతుల్తోనే చుట్టూ పేర్చానండి. అప్పుడూ చాల్లేదండి. వాడు చెల్లి మొహం సరిగ్గా చూసుకోలేకపోయాడండి. దీనిక్కూడా నేనే తక్కువేశానాండి?"

అచ్చమ్మ చెయ్యి చాపి భర్త మోకాలి మీద వేసింది. దూడ అరుస్తూనే ఉంది. తల్లి లేకుండా పెరిగిన ఎస్తేరు దూడకూ తల్లి లేకుండా పోయింది, సీసాతో పాలు పట్టడానికి ఈసారి జాయ్సీ కూడా లేదు.

ఐసు తక్కువ కాలేదు, ఎక్కువైంది. నీ ప్రేమే రక్తాన్ని విరిచేసింది. నిజం అది. అడిగితే దాచనని మాటిచ్చిన నిజం. ఆ మాట చెబితే ఈ మనిషి రేపు మళ్ళీ ప్యాకింగు షెడ్డుకెళ్ళి ఐసులో చెయ్యి ఎలా పెడతాడు? పెట్టిన ప్రతిసారీ ఏం గుర్తొస్తుంది? ఒక్కగానొక్క కూతురి విషయంలో తక్కువేశాననీ, ఆమె పెంచిన గేదె విషయంలో ఎక్కువేశాననీ మోసుకుని ఎన్నాళ్ళు తిరుగుతాడు?

"లేదు పాపారావు గారూ," అంది పెర్సిస్. "ఐసు సరిపోయింది. మీరు తెచ్చినంత బాగా ఎవరూ తేలేదు. నేనే సరిగ్గా చూసుకోలేదు. తప్పంతా నాదే."

పాపారావు ఆ మాట నిజమేనా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతని భుజాలు ఒక్కసారిగా దిగిపోయాయి. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ పొద్దున్నించీ మొదటిసారి, పైకే ఏడ్చాడు. ఎస్తేరు కోసం ఏడ్చాడో, జాయ్సీ కోసమో, తప్పు తనది కాదన్నందుకో విడదీసి చెప్పలేం. అన్నీ కలిసే ఉన్నాయి.

చీకటి పడుతుండగా పెర్సిస్ లేచింది. అచ్చమ్మ పాక గుమ్మం దాకా వచ్చి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. గేదె మూతి తుడిచిన చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"పాపప్పుడు అంతమంది డాక్టర్లొచ్చారమ్మా," అంది. "ఒక్కరూ మా దగ్గిర కూర్చుని ఇదిగో ఇదీ సంగతి అని చెప్పలేదు. మీరు ఏలూరు నించి ఇంత దూరం వచ్చి, నేల మీద కూర్చుని, తప్పు నాదేనని కూడా చెప్పారు. ఏదీ దాచలేదు. అది చాలమ్మా మాకు."

పెర్సిస్ ఆ చేతుల్లోంచి తన చెయ్యి తీసుకోలేకపోయింది. గుమ్మం పక్కన గోడకు ఆనించి థర్మోకోలు పెట్టె ఉంది, మూత మీద ఉప్పు తెల్లగా అంటుకుని. బుచ్చిబాబు బండి స్టార్టు చేసి రెండుసార్లు పిలిచాడు. దూడకు పాలు ఎలా పట్టాలో మాత్రం అచ్చమ్మకు చెప్పి ఆమె వెళ్ళిపోయింది.